రెండు మెయిన్‌లుంటే జావా దేన్ని నడుపుతుంది?

ప్రశ్న: ఒకే క్లాసులో రెండు మెయిన్‌లు (ప్రోగ్రామ్ మొదలయ్యే మెథడ్‌లు) రాశాను. ఒకటి స్టాటిక్ (ఆబ్జెక్ట్ లేకుండానే పిలవగలిగేది), ఆర్గ్యుమెంట్లు లేవు. రెండోది స్టాటిక్ కాదు, స్ట్రింగ్ అర్రే తీసుకుంటుంది. కాలేజీ ల్యాబ్‌లో జావా 21 మీద, ప్రివ్యూ (ఇంకా ఖరారు కాని ఫీచర్లు వాడనిచ్చే ఆప్షన్) ఆన్ చేస్తే, మొదటిది నడిచింది. ఇంట్లో జావా 25 మీద రెండోది నడుస్తోంది. ఎందుకండీ?

జవాబు: మీ కోడ్‌లో తప్పేమీ లేదు, మధ్యలో రూలు మారింది. జావా 21 ప్రివ్యూలో లాంచర్ (ప్రోగ్రామ్‌ని రన్ చేసే జావా కమాండ్) ముందు స్టాటిక్ మెయిన్‌లనే వెతికేది, ఆర్గ్యుమెంట్లు లేకపోయినా సరే. అవి దొరక్కపోతేనే మిగతావి చూసేది. జావా 22 నుంచి మొదట చూసేది స్ట్రింగ్ అర్రే ఉందా అని. ఉంటే అదే ఖాయం. లేకపోతేనే ఖాళీ బ్రాకెట్ల మెయిన్. స్టాటికా కాదా అన్నది ఎంపిక అయ్యాక, ఎలా పిలవాలో తేల్చడానికే. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో ఇదే పద్ధతి స్థిరపడింది, ప్రివ్యూ ఆప్షన్ అక్కర్లేదు.

ఇందులో అసలు చిక్కు వారసత్వం దగ్గర వస్తుంది. పేరెంట్ క్లాసులో స్ట్రింగ్ అర్రే మెయిన్ ఉండి, మీరు చైల్డ్ క్లాసులో ఖాళీ మెయిన్ రాసి చైల్డ్‌నే రన్ చేసినా, నడిచేది పేరెంట్‌దే. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. మీరు రాసిన లైన్ ప్రింట్ కాదంతే. చైల్డ్‌లోనూ స్ట్రింగ్ అర్రే పెట్టేయండి, సరిపోతుంది.

స్టాటిక్ కాని మెయిన్‌కి ఇంకో షరతుంది. లాంచర్ ముందు ఆబ్జెక్ట్ తయారుచేయాలి కాబట్టి ఆర్గ్యుమెంట్లు లేని, ప్రైవేట్ కాని కన్‌స్ట్రక్టర్ కావాలి. మీరు ఆర్గ్యుమెంట్లతో ఒక కన్‌స్ట్రక్టర్ రాశారంటే జావా తనంతట తానిచ్చే డీఫాల్ట్‌ది ఇక రాదు, ప్రోగ్రామ్ మొదలవకుండానే ఆగిపోతుంది. మెయిన్ కూడా ప్రైవేట్ కాకూడదు.

ప్రశ్న: జావా 17లో మెయిన్‌కి స్టాటిక్ తీసేస్తే కంపైల్ అవుతోంది, రన్ అవట్లేదు. కంపైలర్ ముందే చెప్పొచ్చుగా?

జవాబు: చెప్పదు. కంపైలర్‌కి మెయిన్ మామూలు మెథడే, దాన్ని వెతికేది లాంచర్. సి భాష అలవాటుతో వాయిడ్ (ఏ విలువా తిరిగివ్వదని) బదులు ఇంట్ (పూర్ణాంకం తిరిగిస్తుందని) అని రాసినా ఇంతే: కంపైల్ అయి, రన్ దగ్గర ఆగుతుంది. 17లో మెయిన్‌కి పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, స్ట్రింగ్ అర్రే నాలుగూ ఉండాల్సిందే. అర్రే బదులు స్ట్రింగ్ పక్కన మూడు చుక్కలు పెట్టినా పనిచేస్తుంది, లాంచర్‌కి రెండూ ఒకటే.