తీపి మొక్కజొన్న: పొత్తు నిండా గింజ పట్టాలంటే

ప్రశ్న: ఫిబ్రవరి చివర్లో పెరట్లో ప్రహరీ గోడ వెంట రెండు సాళ్లు స్వీట్ కార్న్ విత్తాను. మొక్కలు మనిషెత్తు పెరిగాయి. తీరా పొత్తు ఒలిస్తే గింజలు అక్కడొకటి ఇక్కడొకటి. పై పొరలు ఎండేదాకా ఆగి కోశాను, అయినా తీపి లేదు, నమిలితే పిండిలా ఉంది. విత్తనం నాసిరకమా? మళ్లీ ఎప్పుడు, ఎలా వేయాలి?
– వరి రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి విత్తనాన్ని అనుమానించాల్సిన పని లేదు. గింజ పట్టకపోవడానికి కారణం రెండు సాళ్లు, ఏప్రిల్ ఎండలు. తీపి లేకపోవడానికి కారణం ఆలస్యంగా కోయడం.

మొక్కజొన్నలో పైనున్న జల్లు మగపూత. పొత్తు కొసన వేలాడే పీచు ఆడపూతది. ఒక్కో పీచు పోగు లోపల ఒక్కో గింజకు వెళ్తుంది. పుప్పొడి పడని పోగుకు గింజ ఉండదు. ఈ పుప్పొడిని చేర్చేది గాలి. గోడ వెంట రెండే సాళ్లుంటే అది పీచు మీద పడకుండా పక్కకు కొట్టుకుపోతుంది. పైగా ఫిబ్రవరి చివర్లో వేసిన పంట పూతకొచ్చేది ఏప్రిల్ చివర్లో. ఆ వేడికి పుప్పొడి చచ్చిపోతుంది, పీచు వాడిపోతుంది.

అందుకే ఈసారి పొడవుగా కాకుండా చదరంగా వేయండి. అర సెంటు, అంటే సుమారు 15 అడుగులకు 15 అడుగుల మడి చాలు. సాళ్ల మధ్య రెండు అడుగులు, మొక్కల మధ్య జానెడు. ఏడెనిమిది సాళ్లు వస్తాయి. ఒకేసారి నూటయాభై పొత్తులు చేతికొస్తే ఇంట్లో తినలేరు కదా, సగం సాళ్లు ముందు వేసి మిగతా సగం పదిహేను రోజులాగి వేసుకోండి. ఏ విడతకైనా పక్కపక్కన నాలుగు సాళ్లు ఉండాలి.

మన జిల్లాలో అక్టోబరు, నవంబరు వానలకు తొందరపడి విత్తవద్దు. లేత మొక్కజొన్న నీరు నిలిస్తే తట్టుకోలేదు. తుఫాన్ల భయం తగ్గాక, డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్యలోపు విత్తితే ఎండలు ముదరకముందే పూత, కోత రెండూ అయిపోతాయి. ఈ విత్తనం ముడుచుకుపోయి తేలిగ్గా ఉంటుంది, దాణా మొక్కజొన్న గింజకున్నంత బలం ఉండదు. అంగుళం లోతు దాటించకండి. రంగు మందు పట్టించిన విత్తనమైతే కోళ్లకు అందకుండా చూడండి. దగ్గర్లో ఎవరైనా దాణా మొక్కజొన్న వేసుంటే వాళ్ల విత్తే తేదీకి, మీదానికి కనీసం మూడు వారాల తేడా ఉండాలి. ఆ పుప్పొడి పడిన గింజ తీపి కోల్పోయి పిండిగింజ అవుతుంది.

అర సెంటుకు రెండు గంపల చివికిన పశువుల ఎరువు, 750 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 175 గ్రాముల పొటాష్ ఆఖరి దుక్కిలో కలపండి. యూరియా 200 గ్రాముల చొప్పున విత్తేటప్పుడు, 15, 30, 50 రోజులకు వేయండి. మీ వైపు చాలాచోట్ల ఇసుక నేల, ఒకేసారి పోస్తే నీటితో కిందికి దిగిపోతుంది. తడి కూడా తక్కువ తక్కువగా, తరచుగా ఇవ్వాలి. జల్లు వచ్చినప్పటి నుంచి గింజ పాలు పోసుకునే దాకా ఒక్క తడి కూడా తప్పకూడదు. మొదట్లో పక్క పిలకలు వస్తే వదిలేయండి, పీకితే లాభమేమీ లేదు.

2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మీ మడినీ వదలదు. సుడిలో, అంటే మొక్క నడిమి లేత ఆకుల మధ్య, రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే అదే. ఇన్ని మొక్కలే కాబట్టి రోజూ ఉదయం చూసి గుడ్ల ముద్దలను, పురుగులను చేత్తో నలిపేయవచ్చు. తొమ్మిది పాళ్ల ఇసుకలో ఒక పాలు సున్నం కలిపి సుడిలో చిటికెడు వేయండి. తొలిదశలో 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే మందు గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. పీచు వచ్చాక మాత్రం పురుగుమందు జోలికి పోవద్దు. పచ్చిగా కోసుకుని పిల్లలు తినే పంట ఇది.

పూత సమయంలో మీరు చేయగలిగిన గొప్ప సాయం ఒకటుంది. ఉదయం మంచు ఆరాక, తొమ్మిది పది గంటల మధ్య, జల్లును కాగితం సంచిలోకి వంచి తట్టండి. పసుపు పొడి రాలుతుంది. దాన్ని వెంటనే పీచుల మీద చల్లండి. మూడు నాలుగు రోజులు వరుసగా చేయండి. ఫలితం చూడాలంటే వారం తర్వాత ఒక లేత పొత్తు తెంపి, పొరలు జాగ్రత్తగా విప్పి తలకిందులుగా దులపండి. పుప్పొడి అందిన పోగులు రాలిపోతాయి, అందనివి అంటుకునే ఉంటాయి. ఆ ఒక్క పొత్తు పోయినా ఫర్వాలేదు, మిగతా మడి సంగతి తెలిసిపోతుంది.

ఇక కోత. పీచు బయటకొచ్చిన తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. అక్కడి నుంచి 18–22 రోజులకు పొత్తు సిద్ధమవుతుంది. ఎండలు ఎక్కువైతే రెండు మూడు రోజులు ముందే. పీచు ఎండి గోధుమరంగుకు తిరగాలి, పై పొరలు మాత్రం పచ్చగానే ఉండాలి. కొసన పొర కాస్త తప్పించి గింజను గోటితో నొక్కండి. నీళ్లలా కారితే ఇంకా ఆగాలి, పాలలా చిమ్మితే అదే అదను, గట్టి పిండిలా ఉంటే దాటిపోయింది. మీరు పొరలు ఎండే వరకు ఆగారు, అప్పటికి చక్కెరంతా పిండిగా మారిపోయింది. చిలుకలు, ఉడతలు ఉంటే పీచు ఎండగానే పొత్తులకు కాగితం సంచులు తొడగండి.

చల్లపొద్దున కోసి ఆ పూటే ఉడికించండి. సాధారణ తీపి రకాలు 30 డిగ్రీల వేడిలో ఒక్క రోజుంటే చక్కెర సగం దాకా తగ్గిపోతుంది. తప్పనిసరైతే పొరలు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొత్తులు తీసేశాక చొప్ప పచ్చిగానే ఉంటుంది, నరికి గేదెలకు వేయండి.