కంటి ఎరుపు తగ్గింది.. మోతిబిందు ఆపరేషన్ ఇప్పుడే చేయించుకోవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వయసు 41. వరి సాగు చేస్తాను. కొన్నేండ్లుగా కుడి కన్ను మాటిమాటికీ ఎర్రబడి, నొప్పి లేచి, వెలుతురు చూడలేకపోతున్నాను. యువైటిస్ అన్నారు. చుక్కలు వేస్తే తగ్గుతుంది. పోయినసారి వచ్చి నెల దాటింది. ఇప్పుడు అదే కంటికి మోతిబిందు వచ్చిందట. నాట్లు పడేలోపు ఆపరేషన్ చేయించుకొమ్మని ఇంట్లో తొందర పెడుతున్నారు. మా పెద్దనాయన క్యాంపులో చేయించుకొని మూడో రోజుకే మంచిగ చూసిండు. నాకూ అట్లనే అయితదా? పొద్దున లేవగానే నడుము పట్టేస్తది, అంతకు మించి జబ్బులేమీ లేవు.

జవాబు: చూపు వచ్చే అవకాశం మీకు బాగానే ఉంది. కానీ ఈ నాట్లలోపు వద్దు. మీ పెద్దనాయనకు వచ్చింది వయసుతో వచ్చే శుక్లం (మోతిబిందు), కంట్లో వేరే గొడవ లేదు. మీకు యువైటిస్ వల్ల, అంటే కంటి లోపలి వాపు వల్ల, దానికి వాడిన స్టెరాయిడ్ చుక్కల వల్ల చిన్న వయసులోనే వచ్చింది. అట్లాగని భయపడి ఆ చుక్కలు మానేయకండి. వాపును వదిలేస్తే శుక్లం కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

యువైటిస్ ఉన్న కంటికి ఆపరేషన్ చేయాలంటే వాపు పూర్తిగా అణిగి కనీసం మూడు నెలలు కావాలి. ఎరుపు పోయినంత మాత్రాన అణిగినట్టు కాదు. స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్ల దగ్గర ఉండే మైక్రోస్కోప్) కింద సన్నటి వెలుగు వేసి చూస్తే, కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు వాపు కణాలు కదులుతూ కనిపిస్తాయి. పైకి తెల్లగా ఉన్న కంట్లో కూడా ఇవి ఉండొచ్చు. అవి ఉండగా కత్తి పెడితే వాపు మళ్లీ రేగవచ్చు, కంటి వెనక చూపుకు కీలకమైన మాక్యులాలో నీరు చేరవచ్చు. అప్పుడు లెన్స్ ఎంత ఖరీదైనదైనా చూపు మసకే. లెన్స్ ఏ కంపెనీది వేయించాలని చాలామంది అడుగుతారు. ఈ మూడు నెలల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఫలితాన్ని తేల్చేది మాత్రం ఎక్కువగా ఇదే.

ఒక్క మినహాయింపు ఉంది. శుక్లం బాగా ముదిరి, లోపలి పదార్థం బయటికి కారి దానివల్లే వాపు వస్తే ఆగకూడదు. మీరు రాసినదాన్ని బట్టి మీది అట్లా లేదు, అయినా డాక్టరు చూసి చెప్పాలి.

చాలా అధ్యయనాలను కలిపి చూసిన లెక్కల్లో, యువైటిస్ ఉన్న కళ్లలో సుమారు మూడింట రెండు వంతులకు ఆపరేషన్ తర్వాత 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకన్నా మంచి చూపు వచ్చింది. మాక్యులా, కంటి నరం ముందే దెబ్బతిన్నవాళ్లకు అంత రాదు. అందుకే ముందుగా కంటి వెనక పొరను చూపే ఓసీటీ స్కాన్ తీయించండి, కంటి ప్రెషర్ చూపించండి. మాటిమాటికీ వాపు రావడంతో కంటిపాప లెన్స్‌కు అతుక్కుపోయి ఉంటే, దాన్ని విడదీసి, చిన్న హుక్కులతో తెరిచి పట్టి ఆపరేషన్ చేయాలి. ఇది ఆ పని తెలిసిన చేతుల్లో జరగాలి. యువైటిస్ క్లినిక్ ఉన్న పెద్ద కంటి ఆసుపత్రికి హైదరాబాద్ వెళ్లడమే మేలు. క్యాంపులో చేయించుకోకండి.

ఇక మీరు చివర్లో తేలిగ్గా రాసిన నడుము సంగతి. పొద్దున పట్టేసి, లేచి తిరుగుతుంటే సడలుతోందా? అయితే అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్లలో వాపు వచ్చే జబ్బు కావచ్చు. కన్ను ఉన్నట్టుండి ఎర్రబడి, తగ్గి, మళ్లీ రావడం ఈ జబ్బులో మామూలే. హెచ్‌ఎల్‌ఏ బీ27 రక్తపరీక్ష, వెన్నెముక అడుగున తుంటి ఎముకతో కలిసే కీళ్ల ఎక్స్‌రే లేదా ఎంఆర్‌ఐతో తేలుతుంది. రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరు) తప్పక కలవండి. మూలం అదుపులోకి వస్తే కంటి వాపు రావడమూ తగ్గుతుంది. టీబీ కూడా యువైటిస్‌కు కారణం అవుతుంది కాబట్టి ఆ పరీక్షా చేయిస్తారు.

ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు నుంచే స్టెరాయిడ్ చుక్కలు పెంచుతారు, కొందరికి మాత్రలూ ఇస్తారు. షుగర్, బీపీ ముందే చూపించుకోండి, మాత్రలతో షుగర్ పెరగొచ్చు. తర్వాత చుక్కలు మీ పెద్దనాయన కంటే ఎక్కువ వారాలు వేయాల్సి వస్తుంది, మెల్లమెల్లగా తగ్గించాలి. మెడికల్ షాపులో అడిగి మీరే మార్చకండి. కొన్ని నెలలకు మళ్లీ మసక వస్తే లెన్స్ వెనక పొర మందమై ఉండొచ్చు, లేజర్‌తో పోతుంది. ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కుట్లు లేని ఆపరేషనే అయినా కొన్ని వారాలు బురదనీళ్లు, దుమ్ము కంట్లో పడకూడదు. కాబట్టి ఈ సీజన్ నాట్లు కానివ్వండి. ఆలోపు నడుము పరీక్షలు చేయించుకొని, కన్ను ప్రశాంతంగా ఉంటోందో లేదో నెలనెలా చూపించుకోండి.