వైరింగ్ వీడియోలు: ఏ దేశపు కోడు చెబుతున్నారో ముందు చూడండి

ఎలక్ట్రికల్ కోడు నియమాలను వీడియో పాఠాలతో నేర్చుకుంటున్న ఎలక్ట్రీషియన్లు, వాళ్లకు నేర్పుతున్న మేస్త్రీలు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఒక వీడియోలో నల్ల వైరు ఫేజు అన్నారు. ఇంకోదాంట్లో నల్లది న్యూట్రల్. మరొకదాంట్లో నీలం న్యూట్రల్ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ముగ్గురూ తప్పు చెప్పడం లేదు. ఎవరి దేశపు పద్ధతి వాళ్లు చెబుతున్నారు. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు లేదా బూడిద రంగు న్యూట్రల్, ఆకుపచ్చ లేదా తొడుగు లేని రాగి తీగ ఎర్తు. బ్రిటన్, యూరప్ దేశాల్లో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్. మన వాడుకలో ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్. అంటే యూరప్ వీడియో చూసి మన త్రీఫేజు బోర్డులో నీలం వైరును న్యూట్రల్ అనుకుంటే, చెయ్యి వేసేది నేరుగా 230 వోల్టుల మీద.

అందుకే ఏ వీడియో అయినా మొదటి రెండు నిమిషాల్లో కోడు పేరు, ఎడిషన్ సంవత్సరం చెబుతున్నారో లేదో గమనించండి. అమెరికా కోడు పేరు ఎన్‌ఈసీ, దాన్ని మూడేళ్లకోసారి సవరిస్తారు. బ్రిటన్‌ది బీఎస్ 7671. మన వైరింగుకు భారత ప్రమాణం ఐఎస్ 732 (2019లో సవరించారు), ఎర్తింగుకు ఐఎస్ 3043 ఉన్నాయి. పేరు చెప్పకపోయినా ఆనవాళ్లు దొరుకుతాయి. 120 వోల్టులు, ‘12 గేజ్ వైరు’ అని వినిపిస్తే అది అమెరికా పాఠం. ఆ గేజీలో అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 12 గేజ్ అంటే సుమారు 3.3 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు), 14 గేజ్ అంటే 2.1 స్క్వేర్.

రంగు ఏదైనా అది సూచన మాత్రమే, సాక్ష్యం కాదు. సప్లై ఆపాక రెండు మొనల టెస్టరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడండి. తర్వాత పని చేయబోయే చోట ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్తు, న్యూట్రల్–ఎర్తు మధ్య చూడండి. చివరగా మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి టెస్టరు పనిచేస్తోందని రూఢి చేసుకోండి. ఈ మూడో మెట్టును చాలా వీడియోల్లో కత్తిరించేస్తారు. నిజానికి మధ్యలో టెస్టరే చెడిపోయిందేమో తెలిసేది అక్కడే.

ప్రశ్న: 2.5 స్క్వేర్ రాగి వైరుకు 24 ఆంపియర్లు అని టేబుల్‌లో చూపించారు. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే సప్లై ఆపే స్విచ్చు) వేస్తే నిశ్చింతేనా? ఇంకో వీడియోలో అదే వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ వేశారు.

జవాబు: ఆ 24 ఆంపియర్లు కొన్ని షరతుల మీద ఇచ్చిన అంకె. పీవీసీ వైరు, గోడ మీది పైపులో ఒక్క సర్క్యూటే, చుట్టూ 30 డిగ్రీల వేడి ఉన్నప్పటి లెక్క అది. పైపులో మూడు సర్క్యూట్లు కలిపి లాగితే 0.70తో గుణించాలి. చుట్టూ వేడి 40 డిగ్రీలైతే ఇంకో 0.87. 24 × 0.70 × 0.87 చేస్తే 14.6 ఆంపియర్లే మిగులుతాయి. ఇప్పుడు 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కంటే పెద్దదైపోయింది.

‘ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుందిగా’ అనేవారు ఒకటి గమనించాలి. ఎంసీబీ తన అంకెకు 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్లు, గంటసేపు పడకుండా మోయాలి. 1.45 రెట్లు, అంటే సుమారు 23 ఆంపియర్లు వచ్చినప్పుడు కూడా గంటలోపు పడితే చాలు. 14.6కే పరిమితమైన వైరు ఆ గంటంతా కాగుతూనే ఉంటుంది. పొగ రాదు, వాసనా రాదు. ఏళ్ల తరబడి తొడుగు గట్టిపడి పెళుసెక్కుతుంది. బోర్డు మార్చేటప్పుడు వైరు వంచితే తొడుగు చిట్లేది ఇందువల్లే. మార్గాలు రెండు: 4 స్క్వేర్ వేయండి (32 × 0.70 × 0.87 = 19.5 ఆంపియర్లు, 16కు సరిపోతుంది), లేదా సర్క్యూట్లను వేరే పైపుల్లో లాగండి.

దూరం కూడా లెక్కలోకి రావాలి. 2.5 స్క్వేర్ వైరులో ఆంపియరుకు, మీటరుకు రానూపోనూ కలిపి సుమారు 18 మిల్లీవోల్టులు పడిపోతాయి. 30 మీటర్లు, 16 ఆంపియర్లకు 8.6 వోల్టులు, అంటే 3.75 శాతం. అంతర్జాతీయ ప్రమాణం సూచించే 5 శాతం హద్దులోనే ఉంది. కానీ లైట్లకు ఆ హద్దు 3 శాతమే.

ఇక 32 ఆంపియర్ల సంగతి. అది బ్రిటన్ రింగు సర్క్యూట్. అక్కడ వైరు డీబీలో (ఎంసీబీలుండే పంపిణీ బోర్డులో) బయల్దేరి సాకెట్లన్నీ చుట్టి తిరిగి అదే ఎంసీబీకి వస్తుంది. లోడు రెండు దారుల్లో పంచుకుంటుంది కాబట్టి 2.5కు 32 చెల్లుతుంది. ఒకవైపు నుంచే వెళ్లి ఆగిపోయే మన సర్క్యూటుకు దాన్ని ఎత్తి పెట్టకండి.

ప్రశ్న: ఎర్తు సరిగా లేని ఇంట్లో సాకెట్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు కలిపేస్తే చాలని ఒకరు చూపించారు. విదేశీ వీడియోలోనూ ప్యానెల్‌లో రెండూ ఒకే బార్‌కు బిగించారు.

జవాబు: మొదటిది ఎప్పుడూ చేయకండి. ఆ సాకెట్‌కు వచ్చే న్యూట్రల్ ఎక్కడో తెగిందనుకోండి. ఫేజు కరెంటు ఉపకరణంలోంచి వచ్చి, ఆ లింకు గుండా ఫ్రిజ్ ఒంటి మీదికి చేరుతుంది. ఎంసీబీకి ఏమీ తెలియదు. న్యూట్రల్ బాగున్నా, పైన ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే సప్లై ఆపే స్విచ్చు) ఉంటే అది ఊరికే పడిపోతుంటుంది. విసుగొచ్చి దాన్ని తీసేసే వాళ్లూ ఉన్నారు.

విదేశీ వీడియోలో చూపింది సర్వీసు వచ్చే మెయిన్ ప్యానెల్. అమెరికా కోడు ప్రకారం ఇంట్లో ఆ ఒక్కచోటే కలపాలి. సబ్‌ప్యానెల్‌లో (మెయిన్ నుంచి సప్లై తీసుకునే బోర్డులో) న్యూట్రల్ బార్, ఎర్తు బార్ విడివిడిగా ఉండాలి. వీడియో చూసేవాళ్లకు రెండూ ఒకే రకం డబ్బాల్లా కనబడటంతో వస్తున్న తిప్పలివి.

సొంత ఎర్తు రాడ్డు మీద ఆధారపడే ఇంట్లో అసలు చిక్కు వేరు. రాడ్డు రెసిస్టెన్సు 20 ఓమ్‌లు అనుకుంటే ఫేజు ఒంటికి తగిలినప్పుడు పారేది మహా అయితే 11.5 ఆంపియర్లు. సీ రకం 16 ఎంసీబీ వెంటనే పడాలంటే 160 ఆంపియర్లు పారాలి, అంటే లూపు (ఆ కరెంటు తిరిగే దారి) మొత్తం 1.44 ఓమ్‌లు దాటకూడదు. రాడ్డుతో అది ఆశించలేం. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి అవుతుంది. దానికి 11.5 ఆంపియర్లు కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ ఎర్తు వైరు అసలు లేకపోయినా పనిచేస్తుందని మరవకండి. అది చూసేది లోపలి మెకానిజాన్నే, మీ ఎర్తింగును కాదు.

ప్రశ్న: నా దగ్గర ముగ్గురు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. వీడియోలతోనే కోడు నేర్పవచ్చా?

జవాబు: నియమం ఎందుకుందో చెప్పడానికి వీడియో బాగా పనికొస్తుంది. స్క్రూ ఎంత బిగించాలో చేతికి నేర్పలేదు. పది నిమిషాల ముక్క చూపించి, ఆపి, అదే పనిని చెక్క మీద బిగించిన ప్రాక్టీసు బోర్డులో చేయించండి. తర్వాత వాళ్లు లేనప్పుడు ఆ బోర్డులో తప్పులు పెట్టండి: ఒక సాకెట్‌లో ఎర్తు తీగ వదులు చేయండి, ఒకచోట ఫేజు–న్యూట్రల్ తారుమారు చేయండి, రెండు ఆర్‌సీసీబీల న్యూట్రళ్లు కలిపేయండి. మీటరుతోనే కనిపెట్టమనండి.

పరీక్షల వరుస మారకూడదు. సప్లై లేకుండా ముందు ఎర్తు కంటిన్యుటీ: డీబీలో ఫేజు, ఎర్తు తాత్కాలికంగా కలిపి ప్రతి సాకెట్‌లో ఆ రెంటి మధ్య కొలవాలి. రెండూ 2.5 స్క్వేర్ అయితే 20 మీటర్లకు 0.3 ఓమ్‌లు రావాలి. ఒక్క సాకెట్‌లో 1 ఓమ్ వస్తే జాయింటు వదులు. ఆ తాత్కాలిక లింకు తీసేశాక ఇన్సులేషన్ పరీక్ష: 500 వోల్టుల డీసీ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) 1 మెగాఓమ్‌కు తగ్గకూడదు. బల్బులు, ఇండికేటర్లు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు ముందే విప్పించండి. లేకపోతే తప్పు అంకె రావడమే కాదు, అవి కాలిపోవచ్చు కూడా. ఆ తర్వాత పొలారిటీ, అంటే ఫేజు, న్యూట్రల్ వాటి వాటి చోట్లే ఉన్నాయో లేదో చూడటం. ఇవన్నీ సరిగా వచ్చాకే సప్లై ఇచ్చి లూపు, ఆర్‌సీసీబీ సమయం చూడాలి. 30 మిల్లీఆంపియర్ల దగ్గర 300 మిల్లీసెకన్లలోపు, అయిదు రెట్లకు 40లోపు పడాలి.

ఇంకొకటి. అనేక పోగుల వైరు కొసకు సోల్డర్ పూసి స్క్రూ కింద బిగించే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. ఒత్తిడికి సోల్డర్ మెల్లగా జారి బిగింపు వదులవుతుంది. ఫెర్రూల్ (వైరు కొసకు తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి క్రింప్ చేయించండి.

ప్రశ్న: ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌తో లైసెన్సు వస్తుందా?

జవాబు: రాదు. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వ విభాగం, దాని అర్హతలు, పరీక్ష వేరు. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో ఉన్న లైసెన్సును పునరుద్ధరించుకోవడానికి ఆన్‌లైన్ తరగతుల గంటలను లెక్కిస్తారు, అదీ ఆ రాష్ట్రం ఆమోదించిన కోర్సు అయితేనే. డబ్బు కట్టేముందు మీ లైసెన్సు ఇచ్చే కార్యాలయంలో ఆ కోర్సు పేరు చెప్పి అడగండి.