చిన్నపిల్లలతో ఫుకెట్ వెళ్లొచ్చా?

నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబుతో వైజాగ్ నుంచి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి వెళ్తున్నాం, అక్కడి వేడికి పిల్లలు తట్టుకుంటారా అని అడిగారు. తట్టుకుంటారండీ. విశాఖ ఉక్కపోతలో పెరిగిన పిల్లలకు ఆ వాతావరణం కొత్తేమీ కాదు. నా టెన్షన్ అంతా సముద్రం గురించే. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులకు ఫుకెట్ పడమటి తీరంలో అలలు ఉధృతంగా ఉంటాయి. ఆర్కే బీచ్‌లో నీళ్లు మనిషిని లోపలికి ఎలా లాగేస్తాయో మీకు తెలుసు కదా, అక్కడా అంతే. ఎర్రజెండా కనిపిస్తే మోకాలి లోతుకు కూడా పిల్లల్ని దించకండి. వీలైతే డిసెంబరు, మార్చి మధ్య వెళ్లండి.

డెంగీ దోమ పగలే కుడుతుంది, కాబట్టి పొద్దున్నుంచే పొడుగు చేతుల నూలు బట్టలు వేయండి. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల క్రీమ్.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇక్కడే కొనుక్కోండి. విరేచనాలైతే లీటరు ప్యాకెట్‌ను మొత్తం లీటరు శుభ్రమైన నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు కాస్త చొప్పున వేస్తే పాళ్లు తప్పుతాయి, అది పసివాళ్లకు ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

విమానం కిందికి దిగేటప్పుడు బాబుకు పాలు పట్టండి, మింగుతుంటే చెవినొప్పి తగ్గుతుంది. అన్నట్టు, చంటివాడికీ విడిగా పాస్‌పోర్టు ఉండాలి.