చీపుళ్లతో ఊడ్చే ఆట

ప్రశ్న: మా మేనల్లుడు కెనడాలో ఉంటాడు, వీడియో కాల్‌లో జూనియర్ కర్లింగ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ చూపించాడు. ఐస్ మీద చీపుళ్లతో ఊడవడం ఏం ఆటండీ? పైగా స్కాట్లాండ్ అని సపరేట్ టీమ్, ఒలింపిక్స్‌లో కనపడదేం?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నవ్వకండి, ఆ ఊడ్పులోనే ఉందండీ మజా అంతా! ఐస్ మీద రాయిని జార్చి, అవతల గీసిన వలయాల నడిమికి చేర్చడమే కర్లింగ్. ఆటకి ముందు ఐస్ మీద నీళ్ల చుక్కలు చల్లి గడ్డ కట్టిస్తారు, దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయి ఆ బొడిపెల మీదే జారుతుంది, వదిలేటప్పుడు హ్యాండిల్ కాస్త తిప్పితే చివర్లో వంపు తిరుగుతుంది, జారే రాయికి ఎదురుగా చీపుళ్లతో గట్టిగా రుద్దితే ఐస్ కొంచెం వేడెక్కి రాయి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా పోతుంది. మన క్యారమ్స్ ఆడినోళ్లకి తొందరగానే ఎక్కుతుంది లెండి.

జూనియర్స్ అంటే 21 ఏళ్లలోపు వాళ్లు. ఈ ఛాంపియన్‌షిప్ అబ్బాయిలకి 1975లో, అమ్మాయిలకి 1988లో మొదలైంది. కెనడా, స్వీడన్, స్కాట్లాండ్ గట్టి టీమ్స్.

ఇక స్కాట్లాండ్ సంగతి. ఈ ఆట పుట్టిందే అక్కడ, వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో సొంత పేరుతోనే దిగుతుంది, కానీ బ్రిటన్‌లో భాగం కాబట్టి ఒలింపిక్స్‌కి వచ్చేసరికి గ్రేట్ బ్రిటన్ జెర్సీ వేసుకోవాల్సిందే. అక్కడి కర్లింగ్ ప్లేయర్ ఈవ్ మ్యూర్‌హెడ్‌నే చూడండి, స్కాట్లాండ్ తరఫున నాలుగు జూనియర్ టైటిల్స్ కొట్టింది, 2022 బీజింగ్ గోల్డ్ మాత్రం బ్రిటన్ ఖాతాలో పడింది.