మిన్నియాపొలిస్‌లో ఇంటి ఫర్నేస్ (ఇంటిని వేడి చేసే యంత్రం) రిపేరుకు ఎంతవుతుంది?

ఏ భాగం పోయిందన్నదాన్ని బట్టి. టెక్నీషియన్ వచ్చి చూసినందుకే సుమారు 100 డాలర్లు. జనవరి చలిలో అర్ధరాత్రి పిలిస్తే రెట్టింపు కూడా అడుగుతారు. మంట వెలిగి కొన్ని సెకన్లకే ఆరిపోతోందంటే చాలాసార్లు మంట ఉందో లేదో కనిపెట్టే ఫ్లేమ్ సెన్సర్ మురికి పట్టి ఉంటుంది, తుడిస్తే సరి. మంట వెలిగించే ఇగ్నైటర్ పోతే సుమారు 150–400, వేడి గాలిని ఇంట్లోకి తోసే బ్లోయర్ మోటార్ అయితే 400 నుంచి 1,500 దాకా.

అసలు దెబ్బ, మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ పగిలితేనే. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు, ఫర్నేస్ వెంటనే ఆపెయ్యాలి. ఆ భాగానికి తరచూ 20 ఏళ్ల వారంటీ ఉంటుంది గానీ కూలి మనదే, అదే వెయ్యి దాటొచ్చు. ఫర్నేస్‌కి 15 ఏళ్లు దాటితే నేనైతే కొత్తదే పెట్టిస్తాను.

ఎవర్నీ పిలవకముందు ఫిల్టర్, థర్మోస్టాట్ బ్యాటరీలు చూడండి. బయట గోడ దగ్గరి ఫర్నేస్ గాలి పైపులకు మంచు అడ్డుపడిందేమో కూడా.