ప్రశ్నలు–జవాబులు: అమెరికాలో తుపాకీ చట్టం ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: అమెరికాలో పెద్ద కాల్పుల ఘటన జరిగాక ఒక రాష్ట్రం తుపాకులపై ఆంక్షలు బిగిస్తుంది, మరొకటి ఉన్న ఆంక్షలనే సడలిస్తుంది. దేశానికి రాజ్యాంగం ఒకటే కదా, ఇంత తేడా ఎలా వస్తోంది?

జవాబు: రాజ్యాంగం ఒకటే అయినా, ఈ విషయంలో అది ప్రభుత్వాలు దాటకూడని గీతను మాత్రమే చెబుతుంది, ఆ గీతకు ఇవతల ఏం చేయాలన్నది ఎక్కువగా రాష్ట్రాల శాసనసభలే నిర్ణయించుకుంటాయి. 1791లో అమల్లోకి వచ్చిన రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. దాని మొదటి సగం పౌరసైన్యం అవసరాన్ని ప్రస్తావిస్తుంది, రెండో సగం ఆయుధాలు ఉంచుకొని ధరించే ప్రజల హక్కును చెబుతుంది. ఆ హక్కు పౌరసైన్యానికి సంబంధించినదా, ఇంట్లో కూర్చున్న ప్రతి మనిషిదీనా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు స్పష్టంగా జవాబు చెప్పింది 2008లోనే. రాజధాని వాషింగ్టన్‌లో పిస్తోళ్లపై ఉన్న నిషేధాన్ని హెల్లర్ కేసులో 5–4 మెజారిటీతో కొట్టివేస్తూ అది వ్యక్తి హక్కేనని తేల్చింది. షికాగో నిషేధంపై 2010లో వచ్చిన తీర్పుతో ఆ హక్కు రాష్ట్రాలకూ నగరాలకూ కూడా కట్టుబాటైంది.

ఇక ఫెడరల్ చట్టాలు, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టాలు, పునాది వరకే ఉన్నాయి. 1968 నాటి చట్టం దుకాణదారులకు లైసెన్సు తప్పనిసరి చేసి, తీవ్ర నేరాల్లో శిక్ష పడినవారి వంటి కొందరికి తుపాకీని నిషేధించింది. 1993 నాటి బ్రాడీ చట్టం వల్ల లైసెన్సున్న దుకాణంలో కొనేవారి నేపథ్యాన్ని తనిఖీ చేస్తున్నారు. కాని దుకాణదారు కాని ఒక వ్యక్తి తన తుపాకీని అదే రాష్ట్రంలో ఉన్న మరొకరికి అమ్మితే ఫెడరల్ చట్టం ఆ తనిఖీ అడగదు. కాలిఫోర్నియా, కొలరాడో వంటి రాష్ట్రాలు అడుగుతాయి, టెక్సస్ అడగదు. కొనుగోలు వయసు, కొన్న తుపాకీ చేతికి వచ్చేలోపు ఆగవలసిన నిరీక్షణ కాలం, ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లు, నడుముకు పిస్తోలు పెట్టుకొని వీధిలోకి రావడం వంటివన్నీ ఇలాగే రాష్ట్రానికో తీరుగా ఉంటాయి.

ఫ్లోరిడాను చూస్తే, మీరు చెప్పిన రెండు పోకడలూ ఒక్క రాష్ట్రంలోనే కనిపిస్తాయి. 2018 ఫిబ్రవరిలో పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది మరణించిన తరువాత, సాధారణంగా ఆంక్షలను వ్యతిరేకించే రిపబ్లికన్ల ఆధిపత్యంలోని ఆ శాసనసభే మూడు వారాల్లో చట్టం చేసి, రైఫిళ్లు కొనే వయసును కూడా 21కి పెంచింది, నిరీక్షణ కాలాన్ని విస్తరించింది, ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్న వ్యక్తి దగ్గరి తుపాకులను కోర్టు ఆదేశంతో తాత్కాలికంగా తీసుకునే 'రెడ్ ఫ్లాగ్' పద్ధతిని తెచ్చింది. గవర్నర్ రిక్ స్కాట్ సంతకం చేసిన రోజే తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దానిపై కోర్టుకెక్కింది. అయిదేళ్ల తరువాత, 2023 జూలై నుంచి, అదే రాష్ట్రం అనుమతిపత్రం లేకుండానే పిస్తోలును దాచి వెంట తీసుకెళ్లడానికి వీలు కల్పించింది. ఏడుస్తున్న తల్లిదండ్రులు శాసనసభ మెట్ల మీద ఉన్నంతకాలం ఒక లెక్క, వాళ్లు ఇళ్లకు వెళ్లాక మరో లెక్క అని నాకనిపిస్తుంది. దీన్ని కేవలం పార్టీల పేర్లతో వివరించడం కుదరదు.

ప్రశ్న: నేపథ్య తనిఖీలకు ప్రజల్లో మంచి మద్దతు ఉందని చదువుతుంటాం. అయినా దేశమంతటికీ వర్తించే చట్టం ఎందుకు రావడం లేదు?

జవాబు: 2012 డిసెంబరులో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయిన తరువాత డెమొక్రాట్ అయిన మాంచిన్, రిపబ్లికన్ అయిన టూమీ అనే ఇద్దరు సెనేటర్లు కలిసి తనిఖీల పరిధిని పెంచే ప్రతిపాదన తెచ్చారు. 2013 ఏప్రిల్‌లో దానికి అనుకూలంగా 54 ఓట్లు, వ్యతిరేకంగా 46 వచ్చాయి. అయినా అది ఓడిపోయింది, ఎందుకంటే సెనేట్ నిబంధనల ప్రకారం 60 కావాలి. జనాభా ఎంతున్నా ప్రతి రాష్ట్రానికీ ఇద్దరేసి సెనేటర్లు ఉండటం వల్ల, వేట అలవాటున్న చిన్న గ్రామీణ రాష్ట్రాల మాటకు అక్కడ బరువు ఎక్కువ. దీనికి తోడు, ఆంక్షలు కోరే ఓటరుకు తుపాకీ పది సమస్యల్లో ఒకటి కావచ్చు గాని, వద్దనే ఓటరుకు చాలాసార్లు అదొక్కటే సమస్య. అభ్యర్థులకు ఈ తేడా బాగా తెలుసు.

ఈ చీలిక మొదటినుంచీ ఇలాగే ఉందనుకోవడం మాత్రం పొరపాటు. 1871లో గురి నేర్పే సంఘంగా పుట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1977లో సిన్సినాటిలో జరిగిన సభ్యుల తిరుగుబాటు తరువాతే నేటి రాజకీయ రూపం తీసుకుంది. 1967లో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్లు తూటాలు నింపిన తుపాకులతో బహిరంగంగా తిరగడం చూసి కాలిఫోర్నియాలో దాన్ని నిషేధించే చట్టంపై సంతకం చేసింది తరువాత దేశాధ్యక్షుడైన రిపబ్లికన్ గవర్నర్ రొనాల్డ్ రీగనే! తుపాకీ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి హక్కు మీద అభిప్రాయాలు మారడం కొత్త కాదు.

మూడు దశాబ్దాల స్తబ్ధత తరువాత, 2022 మేలో టెక్సస్‌లోని యువాల్డీ ఘటనలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించాక, జూన్ 25న ఇరు పార్టీల ఓట్లతో ఒక పరిమిత చట్టం వచ్చింది. అది 21 ఏళ్లలోపు కొనుగోలుదారుల తనిఖీని కట్టుదిట్టం చేసింది, రెడ్ ఫ్లాగ్ పద్ధతి అమలుకు రాష్ట్రాలకు నిధులిచ్చింది. నిధులే ఇచ్చింది గాని ఆ పద్ధతిని తప్పనిసరి చేయలేదన్నది గమనించాలి.

ప్రశ్న: నగరాలు సొంతంగా తుపాకీ నిబంధనలు పెట్టుకోలేవా? ఫెడరల్ చట్టాన్ని రాష్ట్రం పక్కన పెట్టగలదా?

జవాబు: మొదటిదానికి చాలాచోట్ల జవాబు 'లేదు' అనే. 40కి పైగా రాష్ట్రాల్లో నగరాల అధికారాన్ని ఏదో ఒక మేరకు కట్టడి చేసే చట్టాలున్నాయి. రెండోదాంట్లో మెలిక ఉంది. ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్ర అధికారులను తన చట్టం అమలుకు బలవంతంగా వాడుకోరాదని 1997లో బ్రాడీ చట్టం మీదే సుప్రీంకోర్టు చెప్పింది. కనుక రాష్ట్రం సహకరించకుండా ఊరుకోవచ్చు. మిస్సోరీ 2021లో ఇంకో అడుగు వేసి, కొన్ని ఫెడరల్ తుపాకీ చట్టాలు తమ దగ్గర చెల్లవని ప్రకటించి, వాటి అమలుకు సాయపడే పోలీసు శాఖలకు 50,000 డాలర్ల జరిమానా పెట్టింది. ఫెడరల్ కోర్టులు ఆ చట్టాన్ని కొట్టివేశాయి.

ప్రశ్న: 2022లో వచ్చిన బ్రూయెన్ తీర్పు గురించి అందరూ మాట్లాడుతున్నారు. దానివల్ల అసలు మారిందేమిటి?

జవాబు: న్యూయార్క్‌లో పిస్తోలు వెంట ఉంచుకోవడానికి అనుమతి కావాలంటే, అందరికంటే తనకు ప్రత్యేకమైన ఆపద ఉందని దరఖాస్తుదారు నిరూపించుకోవలసి వచ్చేది. సుప్రీంకోర్టులో ఆ షరతు 6–3 మెజారిటీతో పోయింది. అంతకంటే పెద్ద మార్పు పరీక్షించే కొలమానంలో వచ్చింది. అంతకుముందు న్యాయమూర్తులు చట్టం వల్ల ప్రజా భద్రతకు కలిగే మేలునూ హక్కుకు కలిగే నష్టాన్నీ తూచేవారు; జస్టిస్ క్లారెన్స్ థామస్ రాసిన తీర్పు దాన్ని తోసిపుచ్చి, ఆంక్షను సమర్థించే ప్రభుత్వం అది దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణమని చూపాలంది. దాంతో న్యాయవాదులు పద్దెనిమిదో, పంతొమ్మిదో శతాబ్దాల పాత శాసనాల కోసం గ్రంథాలయాల్లో దుమ్ము దులపసాగారు. నిమిషాల్లో పదుల తూటాలు పేల్చే రైఫిల్‌కు ఒకటొకటిగా మందుగుండు కూరే తుపాకీ కాలంలో పోలిక వెదకడం ఎంత కష్టమో కింది కోర్టుల పరస్పర విరుద్ధ తీర్పులే చూపాయి.

2024లో రహిమీ కేసులో కోర్టు కొంత సర్దుకుంది. గృహహింస కారణంగా కోర్టు నిరోధక ఆదేశం ఉన్న వ్యక్తికి తుపాకీని నిషేధించే ఫెడరల్ చట్టాన్ని 8–1తో నిలబెడుతూ, పాత చట్టానికి అచ్చు నకలు ఉండనక్కరలేదని, సూత్రం కలిస్తే చాలని చెప్పింది. విభేదించిన ఆ ఒక్కరూ బ్రూయెన్ తీర్పు రాసిన థామస్ గారే. రాష్ట్రాలు కూడా చేతులు ముడుచుకొని కూర్చోలేదు: న్యూయార్క్ కొద్ది రోజుల్లోనే కొత్త చట్టం చేసి, దరఖాస్తుదారుకు 18 గంటల శిక్షణ విధించి, టైమ్స్ స్క్వేర్ వంటి చోట్లకు తుపాకీ తేకూడదంది. మరోవైపు, పిస్తోలు వెంట ఉంచుకోవడానికి అనుమతిపత్రమే అక్కరలేని రాష్ట్రాల సంఖ్య 2024లో దక్షిణ కరోలినా చేరికతో 29కి పెరిగింది.

ప్రశ్న: హెచ్-1బి వీసా మీద అక్కడ ఉంటున్నవారు ఆత్మరక్షణకు తుపాకీ కొనుక్కోవచ్చా?

జవాబు: సాధారణంగా వీల్లేదు. హెచ్-1బి వంటి వలసేతర (తాత్కాలిక) వీసాపై ప్రవేశించినవారు తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది గాని, దాన్ని ఆత్మరక్షణకు అడ్డదారిగా వాడుకోవాలనుకునేవారు ముందు న్యాయవాదిని కలవడం మేలు. దుకాణంలో నింపే పత్రంలో అబద్ధం రాయడం కూడా వేరే నేరమే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు, అయితే వారు నివసించే రాష్ట్రపు నిబంధనలన్నీ వర్తిస్తాయి. టెక్సస్ అనుమతి న్యూజెర్సీలో చెల్లదు కాబట్టి, పిస్తోలుతో రాష్ట్రాలు దాటే ప్రయాణాల్లో దాన్ని తూటాలు తీసేసి, చేతికి అందని చోట తాళం వేసి ఉంచాలి.